నాలుగో మాట

ట్వోరోయ్రి రేవు ఆఫీసులో
ఓడల బోర్డు చూసుకునేది నేను.
దాని వెనకున్న ప్రోగ్రాం మాది కాదు,
వాల్పరైసోలో ఎవరో అన్సెల్మో రాసి
ఊరికే లోకానికి వదిలేసిన లైబ్రరీ.

అందులో ఓడకి మూడే గతులు:
సమయానికి.
ఆలస్యం.
రద్దు.

మా దీవులకి ఆ మూడూ చాలవు.
పొగమంచు దీపస్తంభాన్ని మింగి కూర్చున్నప్పుడు
కెప్టెన్ మిక్కియాల్‌కి ఫోన్ చేస్తే
రద్దు అనడు, ఆలస్యం అనడు,
"చూద్దాం" అంటాడు.
చేప పెట్టెలవాళ్ళూ, పంటి నొప్పికి దవడ పట్టుకున్నవాళ్ళూ
ఆ ఒక్క మాట మీద
కోటు విప్పకుండా కూర్చుంటారు.

నాకు ముందు ఈ కుర్చీ హైనిది.
మంచివాడే, చేతికి తొందరెక్కువ.
లైబ్రరీ పొట్ట కోసి
నాలుగు వందల పన్నెండో లైన్లో
"చూద్దాం" పెట్టి కుట్టేశాడు.
రెండేళ్ళు బాగానే నడిచింది.
ఫిబ్రవరిలో ఒక రాత్రి అప్‌డేట్ వచ్చింది,
పాత ఫైలు పోయింది, కుట్టూ పోయింది.
తెల్లారి బోర్డు మీద: సమయానికి.
కంటి డాక్టర్ దగ్గరికి బయల్దేరిన ముసలి తుమ్మస్
నాలుగు గంటలు వడగళ్ళలో నిలబడ్డాడు.
"బోర్డు చెప్పింది కదా" అన్నాడు, అంతే.
తిట్టలేదు. తిడితే బాగుండేది.

నేనూ అదే ఫైలు తెరిచాను.
నా చెయ్యీ దురద పెట్టింది.
ఒక్క మాట, ఒక్క లైను,
గోటితో పోయే పనేగా అనిపిస్తుంది,
తీరా చూస్తే పట్టుకున్నది గొడ్డలి.

చెయ్యి తీసి, చదువుకుంటూ పోయాను.
అర్ధరాత్రి దాటాక, ఫైలు అడుగున
స్పానిష్‌లో ఒక కామెంటు:
నేను చూడని రేవుల కోసం ఈ చోటు.
దాని కింద ఏమీ చెయ్యని ఫంక్షన్ ఒకటి.
పేరుంది, ఒళ్ళు లేదు.
బోర్డు మీద రాసే ముందు ప్రతిసారీ
ప్రోగ్రాం దాన్ని ఒక కేక వేస్తుంది,
పలకకపోతే తన దారిన పోతుంది.

ఎన్నేళ్ళుగా వేస్తోందో ఆ కేక.

మా ఫోల్డర్లో, మా రేవు పేరుతో
పదకొండు లైన్ల ఫైలు రాశాను:
గాలి ఇంత దాటితే, చూపు ఇంత తగ్గితే,
మిక్కియాల్ ఫోనెత్తకపోతే...
వారాల పేర్లు సెట్టింగుల్లో మార్చుకున్నాను.
రంగు మాత్రం హైని ఎంచిన నీలమే ఉంచాను.
అన్సెల్మో రాసినదాంట్లో
ఒక్క కామా కదపలేదు.

ఏప్రిల్లో మళ్ళీ అప్‌డేట్.
పొద్దున్నే బూటు లేసు కట్టకుండా పరిగెత్తాను.
మంచులో నీలంగా, బోర్డు మీద: చూద్దాం.
కింద బెంచీ మీద తుమ్మస్, పక్కన ఫ్లాస్కు.
"ఇవాళ దీనికి బుద్ధొచ్చింది" అన్నాడు.

పక్కన కూర్చుని అతని కాఫీ తాగుతూ
అన్సెల్మో గురించి ఆలోచించాను.
మా మాట అతనికి తెలిసే దారి లేదు.
ఏ పొద్దున, ఏ ఓడ కోసం నిలబడి
ఆ చోటు నింపకుండా వదిలాడో.

ఇంతలో మంచులోంచి హారన్.
తుమ్మస్ లేచాడు, చెవి ఒగ్గాడు,
మళ్ళీ కూర్చున్నాడు.
మాది కాదు.