ఆరని చెప్పాను వాడికి

సెలవు ఇంకా తొమ్మిది రోజులుంది.
ఉమోజాలో మా మూడో అంతస్తు గదికి
ఆయా పని కోసం మెట్లెక్కి వచ్చినవాళ్ళని
కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను.
పేరు, ఊరు, అడిగిన జీతం.
ముతిసో మొంబాసా రేవులో క్రేను మీదుంటాడు,
"నీకు నచ్చితే చాలు" అంటాడు ఫోనులో.
ఆ మాట సాయమో, తప్పించుకోవడమో
తేల్చుకునే తీరిక లేదు.

మొదటామెని బ్యూరోవాళ్ళు పంపారు.
ప్లాస్టిక్ కవరులో మూడు సర్టిఫికెట్లు,
ఇస్త్రీ మడత చెదరని గౌను.
కిసిలు తుమ్మితే
కుర్చీ రెండంగుళాలు వెనక్కి జరిపింది.

రెండో ఆమె చేతుల్లో వాడు ముద్దలా ఒదిగాడు.
నా మనసు కుదుటపడేలోగా
రెండు నెలల జీతం ముందే కావాలంది,
ఇల్లుగలాయన గదికి తాళం వేశాడట.
నా దగ్గరున్నది ఇరవై రోజుల మొక్కజొన్న పిండి.
ఆమె పేరు కొట్టేయలేకపోయాను,
చుట్టూ సున్నా చుట్టి వదిలేశాను.

మూడోది పిల్ల.
పదిహేడంది. పదమూడు దాటి ఉండవు.
పసివాణ్ణి వీపున కట్టుకోవడం మాత్రం
నాకన్నా బాగా వచ్చు.
అదే నన్ను భయపెట్టింది.
టీ, రెండు చపాతీలు, కితుయి బస్సు చార్జీ ఇచ్చి
వాళ్ళ పిన్నికి ఫోన్ చేసి
నోటికొచ్చినట్టు తిట్టాను.
పిల్ల బస్సెక్కిందో లేదో
ఇప్పటికీ తెలీదు.

నాలుగో మనిషి రెండు గంటలు ఆలస్యం.
వాన. రోడ్డు మీదే నది.
చెప్పులు చేత పట్టుకొచ్చింది చెప్‌కెమోయి,
బొమెట్ వైపు టీ తోటల ఊరు, నలభై రెండేళ్ళు.
అడక్కుండానే కాళ్ళూ చేతులూ కడుక్కుంది.
వాణ్ణి ఎత్తుకోలేదు.
నేలమీద కూర్చుని
వాడు తనని చూడటం అయ్యేదాకా ఊరుకుంది.

పాత యజమానురాలికి ఫోన్ చేశాను.
"మొండిఘటం" అందావిడ.
"చుట్టాలు చూస్తామన్నా సరే,
నిద్రపోయే పిల్లని లేపనిస్తేనా!
మా అత్తగారికి అడ్డంగా గుమ్మంలో నిలబడింది.
మీరూ ఆలోచించుకోండి."
ఆలోచించాను,
ఫోన్ పెట్టేసేంత సేపు.

ఆదివారం సెలవు. జీతం ఐదో తారీఖున.
రాగిజావ మొదలుపెట్టాక అందులో చక్కెర వద్దు.
జ్వరమొస్తే ముందు నాకు ఫోను, తర్వాతే మందు.
ప్రశ్నలన్నీ అయిపోయాయనుకున్నాను.

అప్పుడు తను అడిగింది:
"వెళ్ళేటప్పుడు వాడికి చెప్పి వెళ్తావా,
దొంగలా జారుకుంటావా?"
"తిరిగి ఎన్నింటికొస్తావు?
ట్రాఫిక్ సంగతి నాకెందుకు,
వాడికేమని చెప్పను?"

నాలుగు నెలలవాడికి గంటలేమిటని నవ్వాను.
తను నవ్వలేదు.
"ఆరు" అన్నాను.

ఇవాళ ల్యాబులో చివరి నమూనా
నేను కోటు విప్పుతుండగా వచ్చింది.
జోగూ రోడ్డు మీద మటాటు కదలదు.
కండక్టరు బండి రేకు మీద చరుస్తున్నాడు,
పక్కావిడ బుట్టలోని కోడి
నన్నే చూస్తోంది.
ఐదూ ముప్ఫయ్యెనిమిది.
ఇన్నాళ్ళూ ఆలస్యమంటే
సారీతో తీరిపోయే చిల్లర బాకీ.

డోన్‌హోమ్ దగ్గర దిగిపోయాను.
బూట్లు చేత పట్టుకుని బురదలో
నడకా కాదు, పరుగూ కాదు.
మిగతా చార్జీ వెనక్కివ్వమని కూడా అడగలేదు.

మెట్ల మలుపులో వినిపించింది,
తలుపవతల నాకు రాని భాషలో
నెమ్మదిగా ఏదో లెక్కపెడుతోంది తను.
ఎంతవరకొచ్చిందో నాకర్థం కాదు.
గోడకి ఆనుకుని ఊపిరి కూడదీసుకుంటుంటే
తట్టకముందే గడియ తీసిన చప్పుడు.

వాడు చంకలో. తన చూపు గోడ గడియారం మీద.
"ఆరూ నాలుగు" అంది.
అరిచెయ్యి చాపాను వాడికోసం.
తను నా పాదాలకేసి చూసింది,
గుమ్మం పక్కన బకెట్టు చూపించింది.
"కడుక్కో ముందు.
తర్వాత ఎత్తుకుందువు."