తల వంచి రా, కోస్మా

తల వంచి రా, కోస్మా.
ఈ గుమ్మం పొట్టిది. మొదటి రోజే
నుదుటికి బొప్పి కట్టించుకోకు.
నన్ను ఎవాంథియా అనే పిలువు, మేడమ్ గీడమ్ వద్దు.
లైటు స్విచ్ ఎడమ పక్క,
దాని కిందే ఇంటిపెద్ద.

జ్యూస్ అంటే ఉరుమనుకుంటావు.
మాకు దొరికింది గడ్డం,
ఆ పైన సగం పెదవి.
పిడుగు పట్టిన చెయ్యి
ఏ సున్నపు బట్టీలో కాలిందో,
ఎవరింటి గోడకి వెల్ల అయిందో.

పక్కన హేరా, భార్య.
కోపం ముక్కు మీద ఉంటుందంటారు కదా,
ముక్కు విరిగి ఎన్ని వందల ఏళ్లయిందో,
కోపం మాత్రం చెక్కుచెదరలేదు.
దుమ్ము తుడిచేటప్పుడు ఆమెతోనే మొదలుపెట్టు.
ఆయన ఎక్కడెక్కడ తిరిగొచ్చాడో ఆమె ముందు ఎత్తకు:
ఒకచోటికి హంసై, ఒకచోటికి ఎద్దై,
ఒకచోటికి బంగారు వానై.
తన మొహంతో తాను వెళ్లిన ఇళ్లు తక్కువే.

ఈ పాదం హెర్మీస్‌ది.
కాలు ఒకచోట నిలవనివాడికి
మిగిలింది కాలే.
మడమ దగ్గర తడిమి చూడు, రెక్క మొదలు.
దొంగలకీ వర్తకులకీ ఒక్కడే దేవుడు.
పోయినవాళ్లకి దారి చూపేదీ వాడే.
మా ఆయన్ని తీసుకెళ్లిన రోజు
చెప్పులైనా వేసుకోనివ్వలేదు.

ఆ డాలు ఎథీనాది.
తండ్రి తల చీల్చుకుని పుట్టిన పిల్ల.
ఆమె తలే ఇంకా దొరకలేదు.

ఈ మట్టిబొమ్మని రెండు చేతులా ఎత్తు. డిమీటర్.
కూతురు పెర్సెఫొనీ పాతాళంలో
నాలుగు దానిమ్మ గింజలు నోట్లో వేసుకుంది,
అంతే, ఏటా కొన్నాళ్లు అక్కడే కాపురం.
తల్లి బెంగపెట్టుకున్న ఆ నెలల్లోనే
మనకి పడవలు రావు,
నీ జీతమూ రాదు. ముందే చెబుతున్నాను.

ఇతను మనవాడు. హెఫైస్టస్.
మిగతా వాళ్లంతా కొండమీది వాళ్లు.
ఇతన్ని అక్కడినుంచి కిందికి విసిరేస్తే
పొద్దంతా పడుతూనే ఉండి
పొద్దుగూకే వేళకి మన లెమ్నోస్ మీద పడ్డాడు.
లేవదీసి ఒళ్లు తుడిచింది ఈ దీవి వాళ్లే.
పైవాళ్లు ఆ కుంటి నడకకి విరగబడి నవ్వారు.
ఇక్కడ కొలిమి రాజుకుంది.
నా కుడికాలు ఈడ్చడం చూసి
బడిలో నన్ను ఈయన పేరుతోనే పిలిచేవారు.
ఏడ్చాను, చాలా ఏళ్లు.
ఈ ఉద్యోగంలో చేరాకే తెలిసింది
అఫ్రొడైటీ ఈయన పెళ్లామని.
ఆ కాపురం సంగతి ఇంకోరోజు.

అటు వరస రోమ్‌ది.
పేర్లు మార్చుకున్నారేమిటని నోరు తెరవకు.
మా చిన్నాన్న ఎలెఫ్తేరియోస్
మెల్‌బోర్న్ రేవులో దిగి టెర్రీ అయిపోలేదూ?
జ్యూస్ జూపిటర్, హేరా జూనో.
మనవాడు వల్కన్. కాలు మాత్రం అదే కాలు.
కొందరికి వలస కలిసొచ్చింది:
ఏరెస్ ఇక్కడ కన్నతండ్రికే గిట్టనివాడు,
అక్కడ మార్స్ అనిపించుకుని
కవలల్ని కని, ఏకంగా నగరానికే మూలపురుషుడై కూర్చున్నాడు.
అపోలో పేరు మార్చుకోలేదు.
అందగాళ్లకి ఆ అవసరం రాదు.

ఆ చివరి అర ఖాళీ అనుకుని నీ సంచి పెట్టావు. తియ్యి.
చీటీ చదువు.
హెస్టియా.
జ్యూస్‌కి పెద్దక్క.
తండ్రి క్రోనస్ మింగిన బిడ్డల్లో మొదటిది,
కక్కినప్పుడు ఆఖరిది.
అందరికంటే ఎక్కువ కాలం ఆ చీకట్లో ఉండి,
బయటికొచ్చి, పొయ్యి పక్కన కూర్చుంది.
ప్రేమల్లేవు, పగల్లేవు,
అందుకని చెప్పుకోడానికి కథ లేదు.
కథ లేని మనిషిని చెక్కడం
ఏ శిల్పికి సరదా?
రోమ్‌లో వెస్టా అన్నారు.
ఆమె గుళ్లో విగ్రహం పెట్టలేదట,
ఆరనివ్వకుండా నిప్పు పెట్టుకున్నారు.
ఏ విందులోనైనా మొదటి చుక్క ఆమెకే వదిలేవారు,
చివరి చుక్కా ఆమెకే.
మా గిడ్డంగికి ఒక ముక్క కూడా దొరకలేదు.
చీటీ మాత్రం నేనే రాసి అంటించాను,
పై అధికారికి చెప్పకు.

కుళాయి బయట. రెండు కప్పుల నీళ్లు పట్టుకురా,
కాఫీ పెడతాను.
అగ్గిపెట్టె ఆ అరలోనే ఉంటుంది.
అక్కడ కాదు,
ఇంకొంచెం లోపలికి,
చేతికి తగులుతుంది.