పదకొండో ప్రశ్న

ఒకటి నుంచి పది లోపు
మీ భయానికి ఒక అంకె చెప్పండి.
నా సంచిలో ఉన్న పదకొండో ప్రశ్న ఇది.
రోజుకి ఇరవై ఇళ్ళు, ఇంటికి ముప్పై రూపాయలు.
వివరించకూడదు, తల ఊపకూడదు,
గడి ఖాళీగా వదలకూడదు అన్నాడు సూపర్‌వైజరు,
అర గజం దూరంలో కూచోబెట్టి.

డిసెంబరు ఆఖరు. ఛాతీ ఆసుపత్రి గేటు ముందు
టీ కొట్టతను గాజు గ్లాసులు దాచేసి
కాగితం కప్పులు పట్టుకొచ్చాడు.
మందుల షాపులో షాంపూ పొట్లాల పక్కనే
మాస్కులు దండలా వేలాడుతున్నాయి.
నిన్న అయిదు, ఇవాళ పన్నెండు.
నేను ఒకటి కొనుక్కుని, ఒక అల్లం ముక్క బుగ్గన పెట్టుకుని
నడక మొదలుపెట్టాను.

ద్వారకానగర్‌లో మూడో అంతస్తు.
తలుపు బెత్తెడు తెరిచి, గొలుసు తియ్యకుండానే
"తొమ్మిది" అందామె. "పదే వేసుకోండి పోనీ."
ఆమె వెనకాల పిల్లాడు
జ్వరం కళ్ళతో బూట్లు తొడుక్కుంటున్నాడు.
రేపటితో పరీక్షలు అయిపోతాయట.
పది వేశాను.
బూట్ల కోసం ఫారంలో గడి లేదు.

కంచరపాలెం రైల్వే క్వార్టర్లలో
బంటుపల్లి సన్యాసినాయుడు గారు
చొక్కా గుండీకి కర్పూరం మూట కట్టుకున్నారు.
"నాకా, భయమా? నలభయ్యేళ్ళు ఇంజను తోలానమ్మా.
సున్నా వేసుకో."
సున్నా లేదు, ఒకటి నుంచే మొదలు. అయినా వేశాను.
సంతకానికి నా పెన్ను చాపితే
లోపలికెళ్ళి తన పెన్ను తెచ్చుకున్నారు.

బస్సులో కండక్టరు
దగ్గు వచ్చినప్పుడల్లా మాస్కు గడ్డం కిందికి లాగి,
తనివితీరా దగ్గి,
మళ్ళీ ముక్కు మీదికి ఎక్కిస్తున్నాడు.
మాస్కు మాసిపోకుండా చూసుకుంటున్నాడు పాపం.
ఎవరూ నవ్వలేదు. నేను కూడా.
నా అల్లం ముక్క అప్పటికే పీచైపోయింది.

పెదజాలారిపేట చేరేసరికి ఎండ వాలింది.
మసేనమ్మ నెత్తిన తట్టతోనే ప్రశ్నంతా విన్నది.
"పదంటే? పోర్టోళ్ళు ఎగరేస్తారు,
ఆ పదో నెంబరేనా?"
అలాంటిదే అన్నాను.
అప్పుడు దింపింది తట్ట.

"పదో నెంబరు ఎగరేసిన్రోజు
పేటంతా బళ్ళో తొంగున్నాం, తల్లీ.
పడవలు రోడ్డు మీదికి లాగేసినాం.
రేకులన్నీ ఎగిరిపోనాయి గానీ
మనిషి పోలేదు.
మా మరిది పోనాడే,
ఆ రోజు ఒకటో నెంబరు.
ఒకటే గదేటని
బీడీ ముట్టించుకుని మరీ ఎల్నాడు."

ఆమె వెనక సముద్రం చదునుగా, ఏమీ ఎరగనట్టు.

"ఇప్పుడేటి ఎగరేసినారు మీరు?"

నా దగ్గర స్తంభం లేదు, బాల్ పెన్నుంది.
మీరే చెప్పాలి అన్నాను, ఫారంలో ఉన్నట్టే.

"కూతురు పురిటికొచ్చింది. పద్నాలుగో రోజు.
బజార్లో అందరూ మీద పడి బేరాలాడతారా,
అందుకని వారం నుంచీ బయట అరుగు మీదే నా పక్క.
బిడ్డని కిటికీలోంచి సూస్తన్నాను.
భయమేటి, తీరికుంటే గదా.
నీకు తోసిన నెంబరేసుకో."

కొంగు చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుని
"ఓ సెయ్యెయ్యే తట్టకి" అంది.

పొద్దున్నుంచీ నా గొంతులో గరగర.
ఇది పద్దెనిమిదో ఇల్లు.
ఇంకా రెండిళ్ళు, అరవై రూపాయలు.
ఒకటే గదా అనుకుంటూనే
ఇంత దూరం వచ్చాను నేనూ.

రెండడుగులు వెనక్కి వేసి
"చెయ్యి వెయ్యలేను మసేనమ్మా,
జ్వరం తగిలినట్టుంది" అన్నాను.

ఆమె నన్నొకసారి చూసింది,
నీటి రంగు చూసినట్టు.
మోకాలి మీద ఆన్చి, ఒక్కతే తట్ట ఎత్తుకుంది.
పది గజాలు పోయాక
వెనక్కి తిరక్కుండా అంది:
"గుమ్మంలోనే సెప్పాల గదే ఆ మాట."