జానెడు లైను

రిటైరయ్యే ముందు నింపమని
ఆఫీసు నుంచి ఫారం ఒకటి వచ్చింది.
పేరు: పెయ్యల కరుణావతి.
చేరిన తేదీ, ప్రొఫెసరైన తేదీ,
అచ్చయిన వ్యాసాలెన్ని, నా దగ్గర పీహెచ్‌డీ చేసినవాళ్ళెందరు,
అన్నీ గబగబా నిండిపోయాయి.
'పరిశోధనాసక్తులు' దగ్గర
జానెడు లైను.
పెన్ను ఆగింది.

"మానవ భూగోళశాస్త్రం అని రాసెయ్యండి మేడం,"
అన్నాడు గుమస్తా నూకరాజు.
ఇరవయ్యేళ్ళుగా నోట్లోనే పెట్టుకున్న ప్రశ్న
వెంటనే అడిగేశాడు కూడా:
"ఇంతకీ, మనుషులకి భూగోళం ఏంటండీ?"

మా నాన్నకి సొసైటీ లంకలో ముప్పై సెంట్లు.
వంగ, దోస, ఏటివార కాస్త పొగాకు.
ఎర్రనీళ్ళు తీసిన ప్రతి ఏడూ
ఒడ్డు నుంచి గుడిసె దాకా బారలు వేసి కొలిచేవాడు.
"ఈయేడు ఏడు బారలు తినేసిందే గోదారి,"
అనేవాడు కంచం ముందు కూచుని,
ఎవరో చుట్టం నాలుగు ముద్దలు ఎక్కువ తిని వెళ్ళినట్టు.
నేను పలక మీద గీత చెరిపి
ఇంకాస్త లోపలికి గీసేదాన్ని.
చివరికి నూట పద్దెనిమిదిలో రెండో నంబరు
మొత్తం నీళ్ళలో కలిసింది.
సిస్తు నోటీసు మాత్రం
మరో నాలుగేళ్ళు తడవకుండా వచ్చింది.

నా మొదటి పరిశోధన రేవు మీద.
పంటులో బల్ల మీద ఎవరు కూచుంటారు,
మోటారు సైకిళ్ళ సందున ఎవరు నిలబడతారు,
ఎవరి చేపల గంప చిట్టచివరికి పోతుంది,
నలభై రోజులు రాసుకున్నాను.
సరంగు నా దగ్గర రేవు డబ్బులు పుచ్చుకోవడం మానేశాడు.
వైవాలో పెద్దాయన కళ్ళజోడు పైకి జరిపి
"ఇందులో సిద్ధాంతం ఏదమ్మా?" అన్నాడు.
జవాబు అక్కడ తట్టలేదు,
తిరుగు పంటులో నిలబడ్డాక తట్టింది.

తరవాత కువైట్. నేను వెళ్ళలేదు.
రాజోలు వైపు నుంచి వెళ్ళొచ్చిన
అరవై ముగ్గురు ఆడవాళ్ళ వంటిళ్ళలో
పీట మీద కూచుని విన్నాను.
అక్కడ ఎక్కడుండేదానివి అంటే
వరహాలమ్మ వీధి చెప్పలేదు, పేట చెప్పలేదు.
"మూడో అంతస్తు. కిటికీ లేదు.
ఫ్రిజ్ పక్కన పడకండి."
అంతకన్నా కచ్చితమైన పటం
నేను ఏ జర్నల్లోనూ అచ్చు వేయించలేకపోయాను.

క్లాసులో మొదటి రోజు అట్లాసు తెరవనివ్వను.
మీ ఊరు గియ్యండి, గుర్తున్నంత, అంటాను.
మగపిల్లల ఊళ్ళు హైవే దాకా సాగుతాయి.
ఆడపిల్లల ఊళ్ళు బస్సు స్టాపు దగ్గర ఆగిపోతాయి.
దుర్గాభవాని కుళాయి ఒక్కటే గీసింది,
దాని ముందు ముప్పై నాలుగు బిందెలు.
రొయ్యల చెరువులొచ్చాక వాళ్ళ బావి ఉప్పు.

ఒక ఏడు ఒక కుర్రాడు, చురుకైనవాడు,
మా ఊరివాడే,
రైసుమిల్లు గీశాడు, లాకులు గీశాడు,
పంటకాలవ ఒంపులు ఎంత బాగా పట్టాడో!
కాలవ అవతల తెల్లగా వదిలేశాడు.
"కాగితం సరిపోలేదా బాబూ?"
"సరిపోయిందండి. అక్కడేం లేదు కదండి."
అక్కడ నూట నలభై గడపలు.
అక్కడ నేను పుట్టాను.

ఏమీ అనలేదు. ఒంపులకి
పదికి ఎనిమిది వేశాను.
ఆదివారం క్లాసు మొత్తాన్ని బస్సెక్కించి
తాటిబద్దెల వంతెన దాటించాను.
మా మేనత్త అందరికీ టీ పోసింది.
ఆ కుర్రాడు గ్లాసు పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.
తాగాడో లేదో నేను చూడలేదు,
చూడదల్చుకోలేదు.
ఇప్పుడు సర్వే శాఖలో ఉన్నాడట.
ఏం గీస్తున్నాడో.

నూకరాజు స్టాంపు పట్టుకుని ఇంకా నిలబడే ఉన్నాడు.
"మీదే ఊరు?" అన్నాను.
"పల్లంకుర్రు అవతలండి."
"ఇల్లు?"
"వెనకాల ఉంటుందండి."
"దేనికి వెనకాల?"

స్టాంపు నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు.
ఫారం తిరగేసి, ఖాళీ వైపు
అతని ముందుకి జరిపాను,
పెన్నుతో సహా.