బట్టలు ఎవరు తీశారు

గూయావ్‌లో, జాజికాయల గోదాము వెనక నా గది.
తిరిగితే కాగితాలు లేస్తాయని ఫ్యాను ఆపేశాను.
నలభై మూడు జవాబు పత్రాలు, ఒక ఎర్ర పెన్ను.
ప్రశ్న పాతదే. ముప్పై ఏళ్ల కిందట నేనే తయారుచేశాను:
ఆంబ్రోజ్ లాక్రెట్ నవలలో వాన దేనికి ప్రతీక?

జవాబూ నేను నేర్పిందే.
వాన అంటే చరిత్ర. వాన అంటే ఓడల్లో వచ్చినవాళ్ల ఏడుపు.
నలభై రెండు మంది నా గొంతునే నాకు అప్పజెప్పారు.
నాకు నేనే పదికి ఎనిమిది వేసుకుంటూ పోయాను.

ఆఖరిది కెర్లిన్ మోడెస్ట్‌ది.
కొట్టివేతలతో కలిపి మూడు వాక్యాలు:
"ఈ పుస్తకంలో వాన పందొమ్మిది సార్లు పడింది.
ఒక్కసారి కూడా ఎవరూ తీగ మీది బట్టలు తీయలేదు.
మరి ఆ బట్టలు ఎవరు తీశారు, మిస్?"

సున్నా వేయబోయి
పెన్నుకి మూత పెట్టాను.

ఆ రాత్రి "అద్దె సముద్రం" మళ్లీ తెరిచాను.
అట్ట ఊడిన నా ప్రతి. మొదటి పేజీలో ఆయన సంతకం,
లండన్ నుంచి బహుమతితో వచ్చిన ఏడాది, బడి మెట్ల మీద.
నా పేరులో ఒక అక్షరం తప్పు రాశాడు.
దిద్దమని అడగలేదు. ఆయన చేతి తప్పు కూడా
అప్పట్లో మాకు దీవెనే.

వానలు లెక్కపెట్టాను. పద్దెనిమిదే వచ్చాయి.
నూట పన్నెండో పేజీలో తుంపరని
ఆ పిల్ల వదల్లేదన్నమాట.

వాన మొదలవగానే మగవాళ్లు వసారాలోకి వస్తారు.
తండ్రుల గురించి, రాణి గురించి, ఇంగ్లండు గురించి మాట్లాడతారు.
"టీ వచ్చింది" అంటాడు లాక్రెట్.
తెచ్చింది అనడు.
కప్పుకి కాళ్లున్నట్టు.

చేపల బజారులో డుప్రే ఎప్పుడూ అంటాడు:
"మా తాతని పిరికివాడని రాశాడు. అబద్ధం కాదు.
ఆ పిరికివాడి దగ్గరే ఓడ టిక్కెట్టుకి
పదిహేను డాలర్లు తీసుకున్నాడు, అది రాయలేదు."
అని, కత్తి తుడుచుకుని,
ఆ తాత గురించిన పేజీ మొత్తం
తప్పు లేకుండా చదువుతాడు, కళ్లు మూసుకుని.

రేపవల్ల రేవుకి ఆయన పేరు పెడుతున్నారు.
బార్బడోస్‌లో చదివొచ్చిన కుర్రాళ్లు వద్దని అట్టలు రాస్తున్నారు.
నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు.
ఏ రెండు?

అరవై ఏడో పేజీ దగ్గర ఆగిపోయాను, ఎప్పటిలాగే.
తట్టల్లో జాపత్రి ఆరబోసే అమ్మాయిలు,
ఎర్రబారిన వాళ్ల గోళ్లు,
ఆదివారం స్నానానికి కూడా లొంగని ఆ వాసన.
అమ్మ ఒంటి వాసన అది. నలభై ఏళ్లు కాయలు ఏరింది.
లోకంలో ఇంకెవరూ దాన్ని పట్టుకోలేదు, ఈయన తప్ప.

ఒకసారి అమ్మకి ఈ పేజీ చదివి వినిపించాను.
కళ్లు చెమ్మగిల్లుతాయనుకున్నాను.
"వాసన సరే," అంది, "ఆ పిల్లల పేర్లేవీ?"
నేను నవ్వాను. అప్పుడే కొత్తగా డిగ్రీ వచ్చిన నవ్వు.
"నవలంటే హాజరుపట్టీ కాదమ్మా."
అమ్మ ఇంకేం అడగలేదు. లేచి కుండ దించింది.

కెర్లిన్‌కి పదికి పది వేశాను.
అది నా అపరాధానికి మార్కు అనిపించి తొమ్మిది చేశాను.
మళ్లీ దిద్దాను. కాగితం చిరిగింది.

నూట నలభైలో ఉండగా రేకుల మీద చప్పుడు.
తుపాను ముందు సముద్రం రంగు గురించి ఒక వాక్యం,
సగంలో వదిలే వాక్యం కాదది.
వదల్లేదు.

తెల్లారి చూస్తే తీగ మీద నా రెండు గౌన్లు
నీళ్లు కారుతూ, నన్నే చూస్తూ.
దుప్పటి లేదు.
గోడ అవతల నుంచి కేక:
"దుప్పటి నా దగ్గరుంది, గౌన్లు చేతికందలేదు!"

అవెలీన్. అవెలీన్ సెయింట్ బెర్నార్డ్.
ఇంటి పేరుతో సహా రాసుకున్నాను.
రేపటి ప్రసంగం కాగితం మీద
ఇప్పటివరకూ ఉన్నది అదొక్కటే.