యాభై మూడో చుట్టు

నెల్లిమర్లలో ఆ యేడు
మిల్లు కూత మానేసి ఏడో నెల.
టైము తెలీక కోళ్లు కూడా తడబడుతున్నాయని
టీకొట్టు కన్నారావు జోకు.
ఎవరూ నవ్వేవారు కాదు,
టీ మాత్రం అప్పు రాయించుకునేవారు.

ఆదివారం సాయంత్రం.
కేబుల్ కుర్రాడు క్రికెట్ పెట్టబోయి
ఇంకేదో ఛానెల్ వదిలేసి పెళ్లికెళ్లిపోయాడు.
తెర మీద ఏదో దేశం, ఏదో వాన.
ఇరవై రెండు కార్లు
కందిరీగల తుట్టె రేగినట్టు లేచి
ఒకే మలుపులోకి దూరాయి.

"ఏట్రా ఇది, తిరిగిన సోటే తిరుగుతన్నారు?"
"ఊరెల్లే దారి తెల్దేమో పాపం."
"గానుగెద్దుకి రంగేసినట్టుంది."
లైన్ మేస్త్రీ తవిటయ్య ఒక్కడే
బల్ల మీంచి లేచి
టీవీ దగ్గరికెళ్లి సౌండు పెంచాడు.
తర్వాత కళ్లు మూసుకున్నాడు.

ఇరవై తొమ్మిదేళ్లు స్పిన్నింగు ఖాతాలో
ఆయన పని వినడమే.
మూడొందల కదుర్లు ఒక్కసారి అరుస్తుంటే
అందులో ఏది దగ్గుతోందో
తల తిప్పకుండా చెప్పేవాడు.
బేరింగు పోయేముందు
మనిషిలాగే ఒక మాట అంటుందట.
మనమే పనిలో ఉండి వినమట.

నాకప్పుడు పదమూడేళ్లు.
ముందు వెండి రంగు కారు, వెనకే నీలం కారు,
సీజన్లో ఆఖరి రేసు, ఇద్దరికీ రెండు పాయింట్ల తేడా.
తెర కింద అక్షరాలు కూడబలుక్కుని
నేనే చెప్పాను:
"ఇప్పుడెవరు ముందొస్తే యేడాదంతా ఆడిదే."
యేడాదంతా అన్న మాట దగ్గర
మిల్లువాళ్లందరూ
కుర్చీలు ముందుకు లాక్కున్నారు.

వెండి కారు చక్రాలు మార్చడానికి ఆగింది.
ఇరవై మంది మోకాళ్ల మీద,
జాకీలతో, గొట్టాలతో,
పసిబిడ్డకు నీళ్లు పోసే ఆత్రంతో.
ఎనిమిది సెకన్లు.
అప్పుడు తెరిచాడు తవిటయ్య కళ్లు.
"ఒక్క మిషనుకి ఇంతమందా!" అన్నాడు.
టీగ్లాసులు కాసేపు పైకి లేవలేదు.

నలభై ఆరో చుట్టు.
"ఆ ముందలోడి బండి అవ్వదురా గుంటా."
"బాగానే ఎల్తంది కద మావా?"
"ఎల్తంది. ఎల్తా సెప్తంది.
గేరు దింపినప్పుడల్లా అడుగున సన్నగా
గోగునార సింపినట్టు. ఇనబడనేదా?"
మాకు వినబడింది వానే.
అక్కడిదో, రేకుల మీద మాదో.

యాభై ఒకటో చుట్టులో కరెంటు పోయింది.
తెర నడుమ తెల్లటి చుక్కగా ముడుచుకుని
ఆ ప్రపంచం ఆరిపోయింది.
చీకట్లో ఎవరో మిల్లు యజమానిని తిట్టారు,
కరెంటోళ్లకి చెందాల్సిన తిట్లతో.

మర్నాటి పేపర్లో క్రికెట్.
ఆ మర్నాడు కూడా.
తవిటయ్యని అడిగితే
"సెప్పీసినాను గదా" అన్నాడు, అంతే.

మిల్లు తెరిచారు, మూశారు, మళ్లీ తెరిచారు.
గేటుకి అంటించిన జాబితాలో ఆయన లేడు.
ఎందుకు లేడో
ఏ కాగితం మీదా లేదు.
విజయనగరం గంటస్తంభం దగ్గర
సైకిల్ స్టాండులో చీటీలు చింపే పని దొరికింది.

మొన్న గరివిడి ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ.
ఫోన్లో ఆ రేసు దొరికింది.
గెలిచినవాడి పేరు దగ్గర నా వేలు ఆగలేదు,
అడుగుకి జారింది,
పూర్తి చెయ్యనివాళ్ల దగ్గరికి.
ఎన్నో చుట్టులో ఆగారో, ఎందుకు ఆగారో
ఒక్కొక్కరికీ విడివిడిగా రాసి పెట్టారు:
గేర్‌బాక్సు. గుద్దుకోవడం. బ్రేకులు.
వెండి కారుకి
యాభై మూడు, ఇంజిన్.

పొద్దున్నే బండి తీసుకుని స్టాండుకెళ్లాను.
ఆయనకి చెవులు రెండూ పోయి నాలుగేళ్లట.
"మావా, ఇంజినే! నువ్వన్నట్టే!"
అరిచాను, సైకిళ్లన్నీ తిరిగి చూసేట్టు.
"ఏ ఇంజినూ?" అంటూ
ఆపని నా బండి ట్యాంకు మీద
అరచెయ్యి ఆనించి
కాసేపలా ఉండి,

"సైను వదులైంది. బిగించుకో" అన్నాడు.