కూర్చోమనని గది

ఏ తలుపు తోసినా మొదటి మాట అదే:
"కూర్చోండి."
మర్యాదకే అంటారు, తెలుసు.
పంతొమ్మిదేళ్లు మోంటెవిడియోలో బస్సు నడిపినదాన్ని,
కూర్చోవడమే నా ఉద్యోగం,
కూర్చున్నందుకే జీతం.
ఇప్పుడు ఆ మాట వింటే
నడుము కింద ఎవరో అగ్గిపుల్ల గీస్తారు.

ముళ్ల మీద కూర్చున్నట్టు అంటారు కదా,
తొందరలో ఉన్నవాళ్లని.
నాకది పోలిక కాదు, చిరునామా.
కూర్చునే ఎముక పక్కన, ఎడమ సందులో,
దారమంత నరం
తలుపు సందున వేలు పడ్డట్టు పడి ఉంది.
ఆ తలుపు ఎవరూ తీయరు.

మొదటి డాక్టరు స్కానింగ్ ఫిల్మును వెలుగుకి పట్టి
"ఏమీ లేదు" అన్నాడు, శుభవార్తలా.
రెండో ఆయన వయసన్నాడు.
మూడో ఆవిడ, ఒంటరిగా ఉంటారా అని అడిగింది.
నాలుగో చోట నడుమ చిల్లున్న దిండు ఇచ్చారు,
దాన్ని మా పిల్లి తీసుకుంది.
పిల్లికి బాగానే ఉంది.

ఆ తర్వాత ఫోన్లు మొదలుపెట్టాను
వంటగట్టు మీద మోచేతులాన్చి, నిలబడే.
ఒక్కటే ప్రశ్న:
"మీరు చేత్తో చూస్తారా?"
కరెంటు పెడతామన్నారొకరు.
కాగితం మీద వ్యాయామాల బొమ్మలిస్తామన్నారొకరు.
"అక్కడా?" అని, కాసేపాగి, పెట్టేశారొకరు.
ఒకడు మాత్రం చేతులున్నవాడే,
రొట్టెపిండి పిసికినట్టు పిసికాడు.
మూడు రోజులు బోర్లా పడుకుని
గచ్చు పలకల మధ్య గీతలు లెక్కపెట్టాను.

ఎతెల్వినా పేరు చెప్పింది
గొర్రెల ఉన్ని తీసే ముసలాయన, బస్టాండులో,
నేను స్తంభానికి ఆనుకున్న తీరు చూసి.
"మినాస్‌లో ఉంటుంది.
మా నడుములన్నీ ఆవిడవే" అన్నాడు.

రెండు గంటల దారి.
పై కడ్డీ పట్టుకుని నిలబడే వెళ్లాను,
బస్సులో ఖాళీ సీట్లు పదహారు.
డ్రైవరు కుర్రాడు అద్దంలోంచి అరిచాడు,
"అమ్మా, డబ్బులిచ్చారుగా, కూర్చోండి!"
నీ సీటివ్వు నాయనా, అనబోయి
ఊరుకున్నాను.

ఆ గదిలో ఉన్న ఒక్క కుర్చీ మీద
తువాళ్లు మడిచి ఉన్నాయి.
పొట్టి మనిషి. నన్ను ఎగాదిగా చూసి
"నిలబడే చెప్పండి" అంది.

గోళ్లు చిగురు దాకా కత్తిరించిన వేళ్లు.
చల్లగా ఉంటాయి, ఏమనుకోకండి అని
వేడి సొరబుర్రను రెండు చేతులా పట్టుకుని
కాచుకుంది.
తర్వాత ఆ బుర్రలోదే చేదాకు కషాయం
ఒకే గొట్టంతో ఇద్దరం తాగాం.

ఒక వేలు పెట్టింది.
నొక్కలేదు.
ఊరికే ఉంచింది,
తలుపు తట్టి
లోపలి అడుగుల చప్పుడు కోసం ఆగినట్టు.
కండ ముందు బిగిసింది,
తర్వాత, ఏడుపు బిగబట్టిన పిల్లలా,
గుక్క వదిలింది.
అప్పుడు అరంగుళం జరిగి,
"ఇక్కడేనా?"

ఇక్కడే.
నాలుగేళ్లుగా ఏ కాగితంలోనూ లేనిది,
ఏ ఫిల్ములోనూ నీడైనా పడనిది
ఒక మనిషి వేలి కింద ఉంది.
ఏడవలేదు. నవ్వొచ్చింది,
దొంగ దొరికాక ఇల్లుగలావిడకి వచ్చే నవ్వు.

"తగ్గుతుందా?"
"తెలీదు. నరం నిదానం మనిషి.
తోస్తే కదలదు, దారివ్వాలి."

మూడో వారం నాలుగు నిమిషాలు.
ఐదో వారం మళ్లీ మొదటికే.
వానలో వెళ్లి, వానలో వచ్చి,
ఆ రాత్రి ఆవిడ వేళ్ల మీద కూడా కోపమొచ్చింది.

తొమ్మిదోసారి, తిరుగు బస్సులో,
వంతెన దాటాక కూర్చున్నాను.
సీటు అంచున, కిటికీ పక్క.
కూర్చున్నవాళ్లకి కొండలు
వేరే ఎత్తులో ఉంటాయని మరిచేపోయాను.
అద్దంలో కుర్రాడు చూశాడు.
ఏమీ అనలేదు,
గుంతల దగ్గర మాత్రం నెమ్మదించాడు.
సున్నపుబట్టీ మలుపు దాకా పదకొండు నిమిషాలు.
మలుపులో,
నొప్పి లేవమనక ముందే
నేనే లేచాను.